బటన్లు చూసి టైరు కొనకండి

పికప్ ట్రక్కుకు కొత్త టైర్లు కొనబోయే ప్రతివారూ ముందుగా ఒక శాతాల లెక్క వేసుకుంటారు. నా తిరుగుడులో 80 శాతం తారు రోడ్డు, 20 శాతం మట్టి బాట, అందువల్ల నాకు ఫలానా రకం సరిపోతుంది అన్నది ఆ లెక్క. నేనూ చాలాకాలం దాన్నే నమ్మాను, అడిగినవారికి అదే చెప్పాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఆ లెక్కలో ఉన్న లోపం ఏమిటంటే, కిలోమీటర్లన్నిటినీ అది ఒకే తక్కెడలో తూస్తుంది. ఎండిన తారు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లు నడిచినా టైరుకు నిజమైన పరీక్ష ఎదురయ్యేది ఏ ముప్పై నలభై మీటర్లలోనో, అంటే తడిసిన రోడ్డు మీద ముందు బండి ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు మాత్రమే. మట్టి బాటలోనూ అంతే. రోజంతా ఏ టైరైనా నడుస్తుంది. వాడిగా నిలబడిన ఒక రాయి టైరు పక్కను గీరిన క్షణంలోనో, లోతు తెలియని బురద గుంట అడ్డం వచ్చినప్పుడో మాత్రం టైరుకూ టైరుకూ ఉన్న తేడా బయటపడుతుంది.

కాబట్టి ఎన్ని కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతాను అన్నది కాదు, ఆ చెడ్డ క్షణాల్లో ఏ నష్టాన్ని భరించగలను, దేన్ని భరించలేను అన్నదే అసలు ప్రశ్న అని నా వాదం. బురదలో కూరుకుపోతే ఒక సాయంత్రం పోతుంది, బట్టలు పాడవుతాయి, ఎవరినో సాయం అడగవలసి వస్తుంది. తడి రోడ్డు మీద బండి ఆగకపోతే పోయేది సాయంత్రం కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న తరువాత నేను తేల్చుకున్నది ఇది: పికప్ టైరుకు ట్రెడ్, అంటే నేలను తాకే భాగం, వీలైనంత సాదాగా ఉండాలి, పక్కలు వీలైనంత గట్టిగా ఉండాలి, మిగిలిన పనిని టైరులోని గాలికి అప్పజెప్పాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. పెద్ద పెద్ద బటన్లు, అంటే రబ్బరు దిమ్మెలు, ఉన్న ట్రెడ్‌ను చూసి మోజుపడతారు, సైడ్‌వాల్ (టైరు పక్క) మీద ఏం రాసి ఉందో చదవరు, గాలి సంగతి పంక్చరైన రోజు తప్ప తలుచుకోరు.

నేనూ ఒకప్పుడు మోజుపడినవాణ్ణే. రెండేళ్ళు బురద కోసం చేసిన మడ్ టైర్ల మీద తిరిగాను. బండి నిలబడి ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక రోజు సన్నని జల్లు మొదలైన కాసేపటికి, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతుండగా, ముందున్న సిగ్నల్ దగ్గర కారు ఆగింది. నాకూ దానికీ మధ్య సరిపోయినంత దూరం ఉందనే అనుకున్నాను. బ్రేకు తొక్కగానే పెడల్ పాదం కింద గడగడలాడింది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది, బండి మాత్రం ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు ముందుకే జారుతోంది. చివరికి ఆగింది, కానీ ఆ కారు వెనక అద్దం మీద కారుతున్న నీటి చారలు లెక్కపెట్టగలిగేంత దగ్గరలో ఆగింది. దిగి చూశాను. టైర్లు కొత్తవే, అరగలేదు, గాలి సరిగ్గానే ఉంది. తప్పు టైరుది కాదు. అది చేయడానికి పుట్టని పనిని దాని చేత చేయించాను.

మడ్ టైరు ఎందుకు అలా చేస్తుందో దాని ముఖం చూస్తేనే తెలుస్తుంది. బటన్ల మధ్య సందులు వెడల్పుగా ఉంటాయి, అందువల్ల నేలను తాకే రబ్బరు తక్కువ. కొత్త హైవే టైరుకు ట్రెడ్ లోతు ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు, తారుకూ మట్టికీ కలిపి చేసిన ఆల్ టెర్రైన్‌కు సుమారు 12, మడ్ టైరుకు సుమారు 15 ఉంటుంది. అంత పొడవైన రబ్బరు దిమ్మె బ్రేకు వేసినప్పుడు వేరు వదులైన పన్నులా ఊగుతుంది. రాళ్ళకు ముక్కలు ఊడిపోకుండా రబ్బరు మిశ్రమాన్ని మొరటుగా చేస్తారు, ఆ మొరటు రబ్బరు తడి తారును సరిగ్గా పట్టుకోదు. అన్నిటికంటే ముఖ్యంగా, సైప్‌లు తక్కువ. సైప్ అంటే బటన్ మీద కత్తితో కోసినట్టుండే సన్నని గాటు. 1923లో ఈ పద్ధతికి పేటెంటు పొందిన జాన్ సైప్ పేరే దానికి నిలిచిపోయింది. తడి రోడ్డు మీద మిగిలిపోయిన పల్చని నీటి పొరను చీల్చి, ఆ గాట్ల అంచులే నేలను అందుకుంటాయి. పెద్ద సందులు లోతైన నీటిని తోడేయగలవు గానీ, జల్లు పడిన తొలి నిమిషాల్లో రోడ్డు మీద పరుచుకునే జిడ్డు పొరను ఏమీ చేయలేవు.

దీనికి మడ్ టైరు అభిమానులు చెప్పే జవాబు నాకు తెలుసు, అందులో నిజమూ ఉంది. జిగట బురదలో ఆల్ టెర్రైన్ టైరు సందులు రెండు చుట్లకే పూడుకుపోతాయి, ఆ తరువాత అది గుండు టైరుతో సమానం. మడ్ టైరు అలా కాదు. చక్రం వేగంగా తిరుగుతున్నంతసేపూ వెడల్పు సందుల్లోని బురదను విసిరికొట్టి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. రోజూ తడి పొలాల్లోకి, కలప నరికే చోటుకి, దారే లేని పని స్థలానికి బండి తీసుకువెళ్ళక తప్పనివారికి అదే సరైన టైరు. వారితో నాకు వాదన లేదు. వారు తారు రోడ్డు మీద ఆ టైరుకు తగినట్టు దూరం పాటించి, నెమ్మదిగా నడపడం కూడా అలవాటు చేసుకుని ఉంటారు. నా వాదన, ఏడాదికి నాలుగు సార్లు బురద చూసి మిగిలిన రోజులన్నీ తారు మీద తిరిగేవారితో. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది వీరి విషయంలో అక్షరాలా వర్తిస్తుంది: ఆ నాలుగు గుంటలనూ దిగి చూసి, కర్రతో లోతు కొలిచి, పక్క నుంచి పోతే సరిపోతుంది.

ఇక మట్టి బాటలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది ఎప్పుడూ పట్టు చాలకపోవడం కాదు, టైరు కోసుకుపోవడం. నాకు బాగా గుర్తున్నది ఒక కంకర దారి. ఎండిపోయిన నేల, బురద జాడే లేదు, మామూలు కారు కూడా వెళ్ళగలిగే బాట. ఎదురు బండికి దారి ఇవ్వడానికి అంచుకు జరిగాను, ఎడమ వెనక టైరు దగ్గర ఒక్కసారి ఉస్సుమన్న శబ్దం. ట్రెడ్‌కూ రిమ్‌కూ మధ్య, రెండు వేళ్ళు పట్టేంత చీలిక. చీలిక అంచున తెల్లని దారపు పోగులు తెగి, పత్తి పింజెల్లా బయటికి వచ్చి ఉన్నాయి. ట్రెడ్ మధ్యలో మేకు గుచ్చుకుంటే, రంధ్రం ఆరు మిల్లీమీటర్లు దాటనంత వరకూ లోపలి నుంచి ప్యాచ్ వేసి బాగుచేయవచ్చు. సైడ్‌వాల్‌కు ఆ వైద్యం లేదు, ఎందుకంటే టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ ఆ భాగం వంగి లేస్తూనే ఉంటుంది, ఏ అతుకూ అక్కడ నిలవదు. బండి బరువును మోసే పోగులు తెగిన తరువాత ఆ టైరు పని అయిపోయినట్టే.

బటన్లు ఎంత పెద్దవైనా ఆ రాయి నుంచి కాపాడేవి కావు, కాపాడగలిగినది కట్టుబడి మాత్రమే. ఇక్కడే సైడ్‌వాల్ మీద రాత చదవడం అవసరమవుతుంది. ఒకే కొలతలో ఒకే పేరుతో రెండు మూడు రకాల టైర్లు దొరుకుతాయి. కొలతకు ముందు ‘ఎల్‌టీ’ అని ఉంటే అది లైట్ ట్రక్ కోసం కట్టిన టైరు. ‘పీ’ అని ఉన్నా, అక్షరమేమీ లేకపోయినా అది ప్రయాణికుల బండ్ల కట్టుబడి. ఎల్‌టీ టైర్లలో మళ్ళీ సీ, డీ, ఈ అనే తరగతులు ఉంటాయి. వెనకటి రోజుల్లో వీటిని ఆరు, ఎనిమిది, పది ప్లై అనేవారు, ఇప్పటికీ అలాగే పిలుస్తారు గానీ లోపల నిజంగా అన్ని పొరలేమీ ఉండవు; ఆ బలానికి అది ఒక గుర్తు మాత్రమే. ఈ తరగతులు మామూలుగా వరుసగా 50, 65, 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) వరకు తట్టుకుంటాయి.

ఇందులో చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. 265/70ఆర్17 కొలతలో (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్క ఎత్తు అందులో శాతంగా, రిమ్ వ్యాసం అంగుళాల్లో) మామూలు టైరు లోడ్ ఇండెక్స్ 115 ఉండవచ్చు, అంటే 1,215 కిలోలు. అదే కొలతలో సీ తరగతి ఎల్‌టీ టైరు మీద 112 అని కనిపిస్తుంది, అంటే 1,120 కిలోలే. అంకె చూసి, ఎల్‌టీ టైరే బలహీనమైనదని అనుకునేవారిని చూశాను. లోడ్ ఇండెక్స్ చెప్పేది ఎంత బరువు మోయగలదన్నదే గానీ, రాయి తగిలితే ఎంత తట్టుకుంటుందన్నది కాదు. ఎల్‌టీ టైరులో పోగులు మందం, రబ్బరు మందం, ట్రెడ్ లోతు ఎక్కువ. అలాగని అంకెను పట్టించుకోనక్కర లేదనీ కాదు: బండి తలుపు చట్రం మీద అంటించిన పట్టీలో కంపెనీ చెప్పిన బరువుకు తగ్గిన టైరు వేయించడం తప్పే. పైగా మామూలు టైరు 35, 36 పీఎస్ఐ దగ్గర మోసే బరువును మోయడానికి ఎల్‌టీ టైరుకు అంతకంటే ఎక్కువ గాలి కావాలి. రకం మార్చి, పట్టీలో ఉన్న పాత అంకెకే గాలి కొట్టించేవారు టైరును తెలియకుండానే సగం ఆకలితో నడుపుతున్నారు.

అయితే గట్టి పక్కలు కావాలన్నాను కదా అని నేరుగా అన్నిటికంటే గట్టిదైన ‘ఈ’ తరగతికి వెళ్ళిపోవడం కూడా తప్పే, ఎందుకంటే పికప్‌కు కారుకు లేని ఒక విచిత్రం ఉంది. కారు బరువు రోజూ దాదాపు ఒకటే. పికప్ మాత్రం ఒక రోజు వెనక తొట్టి నిండా సిమెంటు మోస్తుంది, మిగిలిన ఆరు రోజులు ఖాళీగా తిరుగుతుంది. ఖాళీ బండి వెనక చక్రాల మీద బరువే ఉండదు; దానికి 80 పీఎస్ఐ కోసం కట్టిన బిరుసు టైరు వేస్తే, గతుకుల రోడ్డు మీద వెనక భాగం బంతిలా ఎగురుతుంది, ఎగిరిన టైరు నేలను పట్టుకోదు, వాన పడిన మలుపులో వెనక భాగం పక్కకు పోతుంది. పైగా ఒక్కో టైరు మామూలుదానికంటే ఐదారు కిలోలు బరువు ఎక్కువ ఉండవచ్చు, అదంతా స్ప్రింగులకు కింద తిరిగే బరువు, దాన్ని తిప్పడానికి ఇంధనం, ఆపడానికి బ్రేకు, రెండూ ఎక్కువ ఖర్చవుతాయి. నిజంగా పెద్ద బరువులు లాగేవారికి ‘ఈ’ తరగతి అవసరం. మధ్యస్థమైన పికప్‌లో అప్పుడప్పుడు అర టన్ను మోసేవారికి, తలుపు పట్టీలోని బరువుకు తగ్గకుండా ఉంటే, సీ తరగతి చాలు. నేను ఇప్పుడు వాడుతున్నది అదే: మధ్యరకపు ఆల్ టెర్రైన్, నిండా సైప్‌లు, అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి కాస్త దిగిన రబ్బరు కవచం.

గాలి దగ్గరికి వద్దాం. టైరు కొలతలన్నిటిలోనూ మన చేతిలో రోజూ ఉండేది ఇదొక్కటే. ఒకసారి మెత్తని దుమ్ము పరుచుకున్న చోట బండి ఆపి, ముందుకు జరిపి, టైరు అచ్చు పొడవు చూశాను. 36 పీఎస్ఐ దగ్గర అచ్చు జానెడుకు కాస్త తక్కువ. 18కి దించి మళ్ళీ చూస్తే జానెడు దాటి నాలుగు వేళ్ళు. వెడల్పు పెద్దగా మారలేదు. గాలి తగ్గిస్తే టైరు వెడల్పవుతుందని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి అది ప్రధానంగా పొడవవుతుంది, ట్రాక్టరు గొలుసుల్లా నేల మీద ఎక్కువ దూరం పరుచుకుంటుంది. ఇసుకలో నడిపేవారు 15 నుంచి 18 వరకు దించుతారు, రాళ్ళ బాటలో 22 నుంచి 25 వరకు. రాయి మీద మెత్తని టైరు రాయి చుట్టూ ముడుచుకుని దాటుతుంది, బిగువైన టైరు ఎగిరి పడుతుంది లేదా పగులుతుంది. గాలి తగ్గించిన సాదా ఆల్ టెర్రైన్ టైరు, నిండు గాలితో ఉన్న మడ్ టైరు ఇసుకలో పోటీ పడితే, నేను మొదటిదాని మీదే పందెం కాస్తాను.

కానీ గాలి తగ్గించినంతసేపూ వేగం తగ్గించాలి, స్టీరింగ్ గబుక్కున తిప్పకూడదు, లేకపోతే టైరు అంచు రిమ్ నుంచి ఊడివస్తుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ గాలి నింపి తీరాలి. ఈ చివరి మాటను బద్ధకంతో దాటవేసేవారి కోసమే ఒక పాత సంగతి చెప్పాలి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి, వైల్డర్‌నెస్ ఏటీ అనేది అందులో ఒక రకం. వేడికి ఉక్కు తీగల పట్టీల అంచుల దగ్గర పొరలు విడిపోయి, హైవే వేగంలో ట్రెడ్ మొత్తం ఊడివచ్చి, బండ్లు బోల్తాపడ్డాయి. తప్పు టైరు తయారీదా, బండిదా అని రెండు సంస్థలూ వాదించుకున్నాయి. ఆ వాదంలో ఒక ముఖ్య భాగం ఫోర్డ్ సూచించిన 26 పీఎస్ఐ గాలి చాలదన్నది, ఫైర్‌స్టోన్ కోరింది 30. నాలుగు పీఎస్ఐ దగ్గర అంత రభస జరిగిందంటే, 18 పీఎస్ఐతో హైవే ఎక్కితే పక్కలు ఎంతగా వంగి ఎంత వేడెక్కుతాయో ఊహించుకోవచ్చు. ఆ ప్రమాదాల తరువాత వచ్చిన చట్టం వల్లనే 2007 సెప్టెంబరు నుంచి అక్కడ కొత్త కార్లు, తేలికపాటి ట్రక్కులన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరి అయింది. ఆ దీపం వెలిగేది గాలి బాగా తగ్గిన తరువాతే కాబట్టి, నేను చేతి గేజ్‌నే నమ్ముతాను, అదీ ఉదయం బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. వాతావరణం పది డిగ్రీలు మారితేనే దాదాపు రెండు పీఎస్ఐ తేడా వస్తుంది.

కొలత పెంచాలన్న కోరిక గురించి ఎక్కువ చెప్పను. 265/65ఆర్17 తీసి 265/70ఆర్17 వేస్తే టైరు ఎత్తు 776 మిల్లీమీటర్ల నుంచి 803కు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగం, అంటే 13 మిల్లీమీటర్లు, చిటికెన వేలు మందం. దానికి ప్రతిగా స్పీడోమీటర్ 100 చూపినప్పుడు నిజ వేగం 103 దాటుతుంది, గేర్లు బరువెక్కుతాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవాలి. ఇంతవరకు భరించవచ్చు, ఎత్తైన పక్క వల్ల గాలి తగ్గించినప్పుడు లాభం కూడా ఉంది. వెడల్పు పెంచడం మాత్రం చాలావరకు వాపును చూసి బలుపనుకోవడమే. వెడల్పాటి టైరు నిలిచిన నీటి మీద సన్న టైరుకంటే ముందుగా తేలిపోతుంది.

మంచులో నడిపేవారికి ఒక్క హెచ్చరిక. టైరు మీద ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అని అర్థం) అని ఉన్నంత మాత్రాన అది మంచుకు పనికివస్తుందని అనుకోవద్దు. ట్రెడ్ ఆకృతిని బట్టి తయారీదారు తనకు తానే వేసుకునే ముద్ర అది. మూడు శిఖరాల కొండ బొమ్మలో మంచు రేకు ఉంటే, ఆ టైరును మంచు మీద నిజంగా పరీక్షించారని అర్థం. ఆల్ టెర్రైన్ టైర్లలో ఈ బొమ్మ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. చప్పుడు విషయానికి వస్తే, ఆల్ టెర్రైన్ టైర్లు కొత్తలో మృదువుగానే ఉంటాయి. సమయానికి స్థానాలు మార్చకపోతే బటన్లు రంపపు పళ్ళలా ఒకవైపు అరిగి, హోరు అప్పుడు మొదలవుతుంది. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనకకు, వెనకవి ముందుకు మార్చుకుంటే సగం గోల తగ్గుతుంది.

స్టెప్నీ సంగతి చాలామంది మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను. ఆ కంకర దారిలో టైరు చీలిన రోజు, బండి కింద వెల్లకిలా పడుకుని, తొట్టి అడుగున వేలాడే స్టెప్నీని దించాను. పైన ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టిని చేతి గుడ్డతో తుడిచి చూస్తే, తయారీ ముద్ర చివరి నాలుగు అంకెలు కనిపించాయి: మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. నేను మోస్తూ తిరుగుతున్న ఆ టైరుకు అప్పటికి పదకొండేళ్ళు. ఒక్క కిలోమీటరూ తిరగలేదు, బటన్ల అంచులు కొత్తవాటిలా పదునుగానే ఉన్నాయి, పక్కల మీద మాత్రం ఎండిన చెరువు నేలలా సన్నని పగుళ్ళు. గాలి 12 పీఎస్ఐ. దాన్నే బిగించి, గంటకు ముప్పై దాటకుండా, అద్దం దించి ఆ టైరు చప్పుడు వింటూ ఇంటికి వచ్చాను. మరుసటి వారం నాలుగు కాదు, ఐదు టైర్లు కొన్నాను.